తోలు కుట్టి పంపేశారు

ఎముకల వార్డులో కొత్తగా చేరబోయే కుర్ర డాక్టర్ల కోసం నాలుగు మంచి మాటలు రాసిమ్మని అడిగారు. మంచి మాటలు నా దగ్గర తక్కువ. ఉద్యోగంలో ఉన్నంతకాలం వెనకాల నన్ను తాటకి అనేవారు. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్లకీ తెలుసు. రిటైరైతే మనిషి మెత్తబడుతుందంటారు గానీ నేను మెత్తబడలేదు. కాబట్టి ఇదంతా కోపంగానే ఉంటుంది. ఓపికుంటే చదవండి.

నా సర్వీసంతా గోదావరి జిల్లాల్లోనే గడిచింది. ఎన్ని తుంటి ఎముకలు బిగించానో, ఎన్ని మోకాళ్లు మార్చానో ఇక్కడ రాయను. అవి పేరు తెచ్చే ఆపరేషన్లు, వాటి గురించి చెప్పుకునేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను మడమ గురించి రాస్తాను. మడమ గురించి ఎవరూ రాయరు, దాన్ని ఎవరూ ముట్టుకోరు గనక.

మడమ నరం

మడమ వెనక, కాస్త పైన, రెండు వేళ్లతో పట్టుకుంటే తాడులాంటిది గట్టిగా తగులుతుంది. దాన్ని మేం అకిలిస్ టెండన్ అంటాం. పుస్తకాల తెలుగులో ఇంకేదో పెద్ద మాట ఉంది. మా పేషెంట్లు మాత్రం మడమ నరం అంటారు. వాళ్లకి నరమూ, రక్తనాళమూ, టెండనూ అన్నీ నరాలే. మొదట్లో సరిదిద్దేదాన్ని, తర్వాత నేనూ మడమ నరమనే అనడం మొదలుపెట్టాను. పిక్క కండ లాగితే ఆ లాగుడు మడమకి చేరేది ఈ తాడు మీదుగానే. మెట్టెక్కాలన్నా, బస్సెక్కాలన్నా, బురదలో దిగిన కాలు పైకి తీయాలన్నా అదే ఆధారం.

పై దేశాల పుస్తకాలు తెరిస్తే టెన్నిస్ ఆడుతూ దీన్ని తెంచుకున్నవాళ్ల కథలుంటాయి. మన దగ్గరా సాయంత్రం షటిల్ ఆడే బ్యాంకు మేనేజర్లున్నారు. రేవులో పంటు పడవ పూర్తిగా ఆగకుండానే గట్టు మీదకి దూకి తెంచుకున్న వీరులూ ఉన్నారు. వెనకనుంచి ఎవరో తన్నినట్టు అనిపించిందంటారు, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. కానీ నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి అది తెగింది లెట్రిన్‌లో.

నవ్వకండి. నేల మీది పింగాణీ బేసిను. తడికాలు జారి అందులో పడుతుంది, బేసిను పగులుతుంది, కాలు పైకి లాక్కునేటప్పుడు పెంకు మడమ వెనక కోసేస్తుంది. పైకి చూస్తే చిన్న గాయమే. లోపల తాడు తెగిపోయి, పై కొస పిక్కలోకి వెళ్లిపోయి ఉంటుంది. ఈ గాయం ఎలా తగిలిందో చెప్పడానికి పేషెంట్లకి సిగ్గు. కాన్ఫరెన్సుల్లో దీని మీద స్లయిడ్లు వెయ్యడానికి డాక్టర్లకి సిగ్గు. అందరూ సిగ్గుపడుతూ కూర్చుంటే కుంటేవాళ్లు కుంటుతూనే ఉన్నారు.

"కాలే కదా"

నా మొదటి చీఫ్ గొప్ప సర్జను. ఆయన చేతిలో కత్తి నడిచినట్టు ఇంకెవరి చేతిలోనూ నడవగా నేను చూడలేదు. ముందు ఆ మాట చెప్పి తర్వాత తిడతాను. వార్డు రౌండ్లలో ఆయన మంచానికి కాళ్లవైపు, దూరంగా నిలబడేవారు. దుప్పటి తీయమని పెన్నుతో సిస్టరుకి సైగ చేసేవారు. చెయ్యి విరిగితే పట్టి చూసేవారు, భుజం జారితే పట్టి చూసేవారు. పాదం దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతులు వెనక్కి వెళ్లిపోయేవి. "కాలే కదా, డ్రెస్సరు చూస్తాడులే" అని పక్క మంచానికి నడిచేవారు.

అదే మనిషి థియేటర్లో అదే పాదాన్ని ఎంతసేపైనా ఆప్యాయంగా పట్టుకుని పని చేసేవారు. ఇదేమిటో నాకు చాలాకాలం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండింది. గ్లవుజు తొడుక్కుంటే కాలికి కులం ఉండదు, గ్లవుజు తీసేస్తే మళ్లీ వచ్చేస్తుంది. ఒకరోజు ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. "మీరు మరీ దూరం ఆలోచిస్తారమ్మా" అని నవ్వేసి కాఫీకి వెళ్లిపోయారు. తర్వాత ఆర్నెల్లు నాకు పెద్ద ఆపరేషన్లేవీ ఇవ్వలేదు. ఇవ్వకపోతే పోనీ. నాకు కాళ్లు మిగిలాయి, వాటినే నేర్చుకున్నాను.

కాళ్లు పట్టుకోవడం మనవాళ్లకి చేతకాదని కాదు. పెళ్లిలో అల్లుడి కాళ్లు పళ్లెంలో పెట్టి కడుగుతారు. మేం లూథరన్లం, మా నాన్న మిషను బడిలో పంతులు. శుభ శుక్రవారానికి ముందురోజు మా చర్చిలో పాస్టరుగారు పన్నెండుమంది కాళ్లు కడిగేవారు. ఆ పన్నెండుమందీ ఇంట్లో సబ్బు పెట్టి రుద్దుకుని, గోళ్లు కత్తిరించుకుని మరీ వచ్చేవారు. అందులో పొలం నుంచి తిన్నగా వచ్చిన కాలు ఒక్కటి కూడా నేను చూడలేదు. మనకి కాళ్లంటే అసహ్యం లేదు, కొందరి కాళ్లంటేనే.

పేషెంట్లూ ఏమీ తక్కువ తినలేదు. డాక్టరు వంగితే చాలు, కూలిచేసుకునే మనిషి పాదం చీర కిందికో లుంగీ కిందికో దూరిపోతుంది. "వద్దండి, వద్దండి" అని మంచం మీద లేచి కూర్చుంటారు. వాళ్లని నేననను. తరతరాలుగా నేర్పిన మర్యాద అది. కానీ ఆ మర్యాద డాక్టరుకి ఎంత సుఖంగా ఉంటుందో చూడండి! వంగనక్కర్లేదు, ముట్టుకోనక్కర్లేదు, పైగా మంచివాడన్న పేరొస్తుంది.

దానితో కాలి గాయం వచ్చిందంటే ఏం జరుగుతుంది? డాక్టరు కుర్చీలోంచి చూస్తాడు, డ్రెస్సరు కుడతాడు. డ్రెస్సరు బాగానే కుడతాడు, అతని మీద నాకే కోపమూ లేదు. అతనికి నేర్పింది తోలు కుట్టడం. లోపల ఏం తెగిందో చూడవలసింది ఎంబీబీయస్ చదివినవాడు. వాడు చూడడు. తోలు కుట్టి ఇంటికి పంపేస్తారు. పైన పటారం, లోన లొటారం.

నూకరత్నం

ఇలాంటి కేసులు చాలా చూశాను. ఒక్కదాని గురించే చెబుతాను, అది నా సర్వీసు చివర్లో వచ్చింది, ఇంకా నిద్ర పట్టనివ్వదు.

నూకరత్నం ద్రాక్షారామం అవతల ఒక ఊరి మనిషి. ఊడ్పుల ముఠాలో చెయ్యి తిరిగినది. నాట్లు వేసే ఆడవాళ్ల వరసలో ముఠా మేస్త్రి ఆమెనే మొదట నిలబెట్టేవాడట. మిగతావాళ్లు ఆమె వేగం చూసి అడుగు వేసేవాళ్లట. ఒక మధ్యాహ్నం చేతికర్ర పొడుచుకుంటూ నా ఓపీలోకి వచ్చింది.

"ఏమైందమ్మా?"

"లెట్రిన్లో జారేనండి. బేసిను పగిలి మడం తెగిందండి. మీ ఆసుపత్రిలోనే కుట్లేసేరండి. మానిపోయిందండి, ఆయ్. కానండి, కాలు నా మాట ఇనట్లేదండి."

"ఎప్పటినుంచి?"

"సార్వా ఊడుపులకి ముందండి. తగ్గిపోయిందిగదాని సేలోకి దిగేనండి. దిగిన కాలు పైకి రాదండి. అందరూ ఎనక్కి అడుగేసుకుంటా పోతన్నారండి, నేనొక్కదాన్నే దిగబడిపోయేనండి. మేస్త్రి గట్టెక్కేయమన్నాడండి."

సార్వా అంటే వానాకాలం పంట అనీ, నాట్లు వేసేవాళ్లు వెనక్కి నడుస్తారనీ ఈ జిల్లాల్లో పుట్టినవాళ్లకి చెప్పనక్కర్లేదు. మోకాటి కింది దాకా బురద. కాలు పైకి తీయాలంటే ముందు మడమ లేవాలి. మడమ లేవాలంటే పిక్క లాగాలి. తాడు తెగిపోతే పిక్క ఎంత లాగినా అది మడమకి చేరదు. గట్టెక్కేయమంటే ఆ పూటకి కాదు. ముఠాలోంచి తీసేశారని అర్థం.

మచ్చ చూశాను. ఎంత ముచ్చటైన కుట్టు! జాకెట్టు అంచు కుట్టినట్టుంది. ఒక్క కుట్టైనా వంకరపోలేదు, చీము పట్టలేదు. లోపల ఏముంటుందో నాకు అప్పుడే తెలిసిపోయింది.

"బోర్లా పడుకో" అన్నాను.

పడుకుంది. నేను పాదాలు మంచం చివర వేలాడేలా సర్ది, చీర కుచ్చిళ్లు పైకి తీసి పిక్క మీద చెయ్యి వేశాను. ఒక్క ఉదుటున లేచి కూర్చుంది.

"అమ్మబాబోయ్! మీరు నా కాళ్లట్టుకోకూడదండి డాక్టరమ్మగారండీ. నాకు పాపం సుట్టుకుంటాదండి."

"పాపం సంగతి నేను చూసుకుంటాను. నువ్వు పడుకో."

ముందు బాగున్న కాలి పిక్క నొక్కాను. పాదం బుద్ధిగా కిందికి వంగింది. తర్వాత కుట్లు పడిన కాలి పిక్క నొక్కాను. పాదం ఉలకలేదు, పలకలేదు. తాడు ఉండవలసిన చోట వేలు పెడితే లోపలికి పోయింది.

ఇంతే పరీక్ష. ఒక చెయ్యి, ఒక పిక్క. దీనికి కరెంటు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. ఒక గుక్క కాఫీ తాగేంత సేపు పట్టదు. గాయం తగిలిన రోజున చేసి ఉంటే, ఆ పూటే గాయాన్ని కాస్త పెద్దది చేసి, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి కుట్టేసేవాళ్లం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు. ఇప్పటి పిల్లలు ఇంకా ముదిరిపోయారు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఎమ్మారై రాసి పంపుతారు. ఫిల్ము వస్తుంది. ఆ ఫిల్మునేమో లైటుకి పెట్టి, వేలు పెట్టి, తడిమి తడిమి చూస్తారు. కాలిని తడమరు.

మర్యాదస్థుడు

నూకరత్నాన్ని వార్డులో చేర్చాను. మర్నాడు రౌండ్లకి నా వెనక మా పీజీ కుర్రాడు చైతన్య ఉన్నాడు. తెలివైన పిల్లాడు, చేతిలో నేర్పుంది, మాట మెత్తన. వార్డులో ఆయాలు కూడా అతన్ని "బంగారం" అంటారు. అతన్ని చూడగానే నూకరత్నం మొహం విప్పారింది.

"ఈ బాబుగారేనండి ఆరోజు సూసేరు. ఎంత మంచోరండి! కూకోమన్నారండి, మంచినీల్లు ఇప్పించేరండి. మమ్మల్నెవరండి అలాగ సూసేది?"

చైతన్య చెవులు ఎర్రబడ్డాయి. డ్యూటీ రూములోకి పిలిచి తలుపు వేశాను.

"ఆరోజు క్యాజువాలిటీలో నువ్వున్నావా?"

"ఉన్నానండి మేడమ్."

"పిక్క నొక్కావా?"

"పాదం కిందికి వంచమన్నానండి. వంచింది. అందుకని టెండన్ బాగానే ఉందనుకున్నానండి."

ఇది ఎన్నిసార్లు విన్నానో! పిల్లలూ, ఇది రాసుకోండి. మడమ నరం పూర్తిగా తెగినా మనిషి పాదాన్ని కిందికి వంచగలడు. వేళ్లని వంచే టెండన్లు చీలమండ పక్కనుంచి వెళతాయి, అవి ఆ పని కాస్త చేసిపెడతాయి. పాదం కదిలింది గనక తెగలేదనుకోవడం ఈ వృత్తిలో అందరికంటే పాత పొరపాటు. ఈ సంగతి చైతన్య పరీక్షలో రాసి ఫస్టు మార్కు తెచ్చుకున్నవాడే.

"పుస్తకంలో ఏముందో నీకు తెలుసు. మరి ఎందుకు నొక్కలేదు?"

"పట్టుకోబోతే ఆవిడే కాలు వెనక్కి లాక్కుందండి. వద్దు బాబూ, వద్దు బాబూ అంది. పెద్దావిడ, ఆడమనిషి, ఇబ్బంది పెట్టడం ఎందుకని..."

"లాక్కుంటుంది. ఆవిడ బతుకంతా అదే నేర్పారు. ఆవిడ లాక్కుంటే నువ్వు వదిలెయ్యమని నీకెవరు నేర్పారు? పంటి డాక్టరు దగ్గర పిల్లాడు నోరు మూసుకుంటే పన్ను వదిలేస్తాడా? నువ్వు ఆవిడకి మర్యాద ఇచ్చాననుకున్నావు. ఆవిడ ఇవ్వబోయిన మర్యాదని నువ్వు పుచ్చుకున్నావు, అంతే. ఆ మంచినీళ్లు ఎందుకయ్యా? ఆవిడకి కావలసింది నీ చెయ్యి."

నా గొంతు వార్డు చివరి దాకా వినపడిందని తర్వాత సిస్టరు చెప్పింది. వినపడనీ. చైతన్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అయినా నా కోపం తగ్గలేదు. అతను చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. చెడ్డవాళ్లు ఆసుపత్రిలో తక్కువే. ఇలాంటి మంచివాళ్లు ఒక్కొక్క కాలినే అవిటిది చేస్తూ పోతుంటారు, వాళ్లకి దండాలు కూడా వస్తుంటాయి.

కుట్టడం గురించి

కొత్త గాయమైతే పని సులువు. బాగా కడగండి, ఇంకోసారి కడగండి. లెట్రిన్ గాయమని మరిచిపోవద్దు. గాయాన్ని పెంచవలసి వస్తే టెండన్‌కి లోపలివైపు పక్కగా, అంటే రెండో కాలివైపు కొయ్యండి. నడిమధ్యన కోస్తే జీవితాంతం చెప్పు ఒరుసుకుంటుంది. బయటివైపు కోస్తే అక్కడ నిజమైన నరం ఒకటుంది, అది తెగితే పాదం అంచు మొద్దుబారిపోతుంది. అక్కడి తోలుకి రక్తం తక్కువ. ఫోర్సెప్సుతో నలిపితే నల్లబడి ఊడిపోతుంది, అప్పుడు లోపలి కుట్టు ఎంత గొప్పదైనా ఏం లాభం? టెండన్ మీద పల్చటి పొర ఉంటుంది, దాన్ని చించకుండా తెరిచి చివర్లో మళ్లీ మూయండి. మందపాటి దారంతో, లాగేకొద్దీ బిగుసుకునే కుట్టు వెయ్యండి.

ఇంకొకటి. రెండు కాళ్లకీ మందు పూసి రెండూ కనపడేలా గుడ్డలు పరవండి. బోర్లా పడుకున్నప్పుడు బాగున్న పాదం ఎంత వాలి ఉంటుందో, కుట్టిన పాదమూ అంతే వాలాలి. ఈ పని ఏ పుస్తకంలో చూసి నేర్చుకున్నానో మరిచిపోయాను. వదులుగా కుట్టిన టెండన్, తెగిన టెండన్ రెండూ ఒకటే.

గాయం లేకుండా లోపలే తెగినప్పుడు, వెంటనే వస్తే, కత్తి లేకుండా పాదం కిందికి వంచి కట్టి కూడా మాన్పవచ్చు. చిన్న చిన్న గాట్లలోంచి సూది పోనిచ్చి కుట్టే పద్ధతీ ఉంది. అందరినీ కొయ్యాలన్న ఆత్రం వద్దు. మడమ నొప్పి అంటే చాలు ఆ తాడులోకి స్టెరాయిడ్ ఇంజెక్షను గుచ్చేవాళ్లు మాత్రం నా కంటపడకుండా ఉంటే మంచిది. తాడుని లోపల కుళ్లబెట్టి, తెగాక మా దగ్గరికి పంపుతారు.

నూకరత్నం గాయం పాతది. కొసలు దూరమైపోయాయి, మధ్యలో మచ్చ కండ పేరుకుంది. చైతన్య, అప్పటికి కళ్లు తుడుచుకుని, పరిష్కారంతో వచ్చాడు. కాన్ఫరెన్సుల్లో ఇప్పుడు అందరూ చెప్పేదే. కాలి బొటనవేలిని కిందికి వంచే టెండన్ తెచ్చి మడమకి బిగించడం. మంచి ఆపరేషనే, నేనూ చాలామందికి చేశాను.

"బొటనవేలు బలం పోతే నడకకి పెద్ద నష్టం లేదంటారండి మేడమ్" అన్నాడు.

"ఎవరికి నష్టం లేదు? బూట్లు వేసుకునేవాళ్లకి. వానలో చేను గట్టు మీద నడిచావా ఎప్పుడైనా? బొటనవేలు నేలలో గుచ్చి నడుస్తారు. ఉన్న ఒక్క ఆధారమూ మనమే పీకేద్దామా?"

కాబట్టి కష్టమైన దారే పట్టాం. మచ్చ కండ తీసేసి, పిక్క దగ్గరి తెల్లటి పొరని ఇంగ్లీషు 'వి' ఆకారంలో కోసి, కండని నెమ్మదిగా కిందికి జార్చి, పైన 'వై' ఆకారంలో మూశాం. అప్పుడు కొస కిందికి అందింది. దూరం ఇంకాస్త ఉంటే అదీ కుదిరేది కాదు. చైతన్య నాకు ఎదురుగా నిలబడి సాయం చేశాడు. కుట్లు చక్కగా వేశాడు. థియేటర్లో అతను కాలు పట్టుకోవడం చూస్తుంటే నాకు మా చీఫ్ జ్ఞాపకం వచ్చి కడుపు మండిపోయింది.

డిశ్చార్జి చేసేటప్పుడు "కూర్చోవద్దు" అని చెప్పి పంపేవాళ్లున్నారు. ఏ కూర్చోవడం? బేసిను మీద గొంతుక్కూర్చుంటే పాదం పైకి వంగి కుట్టు తెగుతుంది. ఆ మాట విప్పి చెప్పరు, మళ్లీ సిగ్గు. నేను ప్రతివాళ్లనీ అడుగుతాను, మీ ఇంట్లో లెట్రిన్ ఎలాంటిది, కమోడు కుర్చీ ఎవరు తెస్తారు, ఎక్కడ పెడతారు అని. నూకరత్నం తోటికోడలు ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో కన్నం కోయించి పెట్టింది. కుట్టు నిలిచింది.

సన్మానం నాటి పొద్దున

రెండో పంట దాళ్వా నాట్లు ఆమె లేకుండానే అయిపోయాయి. మళ్లీ సార్వా వచ్చి, ఊడ్పులు ముగిశాక, నా ఉద్యోగంలో ఆఖరి రోజు పొద్దున నూకరత్నం చూపించుకోవడానికి వచ్చింది. చేతికర్ర లేదు. కుంటు బాగా చూస్తే తప్ప తెలియదు.

"గోడ పట్టుకుని రెండు మడమలూ ఎత్తు" అన్నాను. ఎత్తింది.

"ఇప్పుడు కుట్టిన కాలొక్కటే."

పళ్లు బిగించింది. పిక్క వణికింది. మడమ కాగితం పట్టేంత లేచి, పడిపోయింది. మళ్లీ ఎత్తబోయింది, లేవలేదు. ఇక ఎప్పటికీ అంతే. అన్నాళ్లు పనిలేకుండా పడున్న కండకి మేం ఎంత నేర్పుగా కుట్టినా మొదటి బలం రాదు.

"ఊడ్పులకి వెళ్లావా?"

"ఎల్లేనండి. వరసలో పెట్టలేదండి. నారు పీకమన్నాడండి మేస్త్రి. సెయ్యి బానే ఆడతాదండి, కాలే ఎనకబడిపోతందండి." తర్వాత నా మొహం చూసి భయపడినట్టుంది. "పరవాలేదండి డాక్టరమ్మగారండీ. నడుత్తన్నాను గదండి. అది సాలండి."

చాలదు. ఆమెకి చాలునేమో, నాకు చాలదు. వరసకి ముందు నడిచిన మనిషి గట్టు పక్కన నారు పీకే మనిషై, నాకు దండం పెట్టి వెళ్లిపోయింది. ఆ దండం చూస్తే నాకు వచ్చిన కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

సాయంత్రం లెక్చరు హాల్లో సన్మానం. పూలదండలు, శాలువా, నాకు తెలియని నా గొప్పతనం గురించి ఉపన్యాసాలు. తాటకి అన్నవాళ్లే తల్లిలాంటిది అన్నారు. ఆఖర్న జూనియర్లు ఆశీర్వాదం కోసం స్టేజి మీదకి వరస కట్టారు. అందరికంటే ముందు చైతన్య. పరీక్ష పాసయ్యాడు, మంచి ఉద్యోగం దొరికింది. వంగి నా పాదాలు రెండూ పట్టుకున్నాడు. మునివేళ్లతో కాదు. అరచేతులు మడమల పక్కన ఆనించి, వేళ్లు వెనక తాడు మీదికి చుట్టి, గట్టిగా.

"దీవించండి మేడమ్."

"బాగానే పట్టుకుంటున్నావు కదయ్యా" అన్నాను. "నీకు వచ్చన్నమాట."

తలెత్తి చూశాడు.

"పొద్దున నూకరత్నం వచ్చింది. ఒంటికాలి మీద మడమ లేవలేదు. ముఠాలో నారు పీకుతోంది. ఆరోజు ఇలా పట్టుకుని ఉంటే వరసలో ముందుండేది."

మైకు దూరంగా ఉంది. హాల్లోవాళ్లు నేను దీవిస్తున్నాననుకుని చప్పట్లు కొట్టారు. చైతన్య మళ్లీ తల దించుకున్నాడు, నా కాళ్లు వదల్లేదు. వెనక వరసలోవాళ్లు ఎదురుచూస్తున్నారు. చప్పట్లు ఆగేదాకా అతను అలాగే ఉన్నాడు, నేను అతని తల మీద చెయ్యి పెట్టలేదు.